మూడు వందల ఉత్తరాలు పంపాం, ఒక్క జవాబూ రాలేదు. ఎక్కడ తప్పు చేశాం?

వీధిదీపం (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మాది పదకొండు మంది జట్టు. ఏ పార్టీకీ చెందినవాళ్ళం కాదు. మా వార్డు గ్రంథాలయం ఇప్పుడు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. దాన్ని సాయంత్రం ఐదుకే మూసేయాలని కౌన్సిల్ ముందు ప్రతిపాదన ఉంది. పగలు పనికి వెళ్ళేవాళ్ళకీ, ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లలకీ ఆ మూడు గంటలే దిక్కు.

మేం ఒక ఉత్తరం తయారుచేసి, కాపీలు తీయించి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాం. మూడు వందల పైచిలుకు కాపీలు కట్టగట్టి కౌన్సిలర్ ఆఫీసులో ఇచ్చాం. నెల దాటింది. ఫోన్ చేస్తే "చూస్తాం" అంటారు. ఏం చూస్తారో, ఎప్పుడు చూస్తారో తెలియదు. మా జట్టులో సగం మందికి ఉత్సాహం పోయింది. మిగతా సగం రోడ్డెక్కుదాం అంటున్నారు. మేం ఎక్కడ పొరపాటు చేశాం?

నాకెందుకులే (ఆదివారం, రాత్రి 10:05)

పొరపాటు ఉత్తరం రాయడంలో లేదండీ, ఉత్తరంతో పని జరుగుతుందనుకోవడంలో ఉంది. అర్జీలన్నీ బుట్టదాఖలే. ముందే తీర్మానం అయిపోయి ఉంటుంది, తర్వాత మనల్ని అభిప్రాయం అడుగుతారు. పదేళ్ళ క్రితం నేనూ ఇలాగే తిరిగాను. ఒక పార్కు కోసం. ఇప్పుడక్కడ పార్కింగ్ ఉంది.

మాజీగుమాస్తా (సోమవారం, ఉదయం 6:50)

వీధిదీపం గారూ, నేను ఒక ప్రజాప్రతినిధి ఆఫీసులో చాలా ఏళ్ళు ఉత్తరాలు విప్పే పని చేశాను. ఏ ఊరు, ఏ పార్టీ అని అడక్కండి. బల్లకి అవతలి వైపు ఏం జరుగుతుందో చెబుతాను.

మీ మూడు వందల ఉత్తరాలు అక్కడ మూడు వందలుగా లెక్కకి రాలేదు. ఒక్కటిగా వచ్చాయి. కట్ట విప్పుతాం, పైది చదువుతాం, రెండోది చూస్తాం, మూడోదీ అదే. అంతే, కట్ట మీద "గ్రంథాలయం, వ్యతిరేకం, 300" అని చీటీ అంటించి పక్కన పెడతాం. సారుకి వారానికోసారి ఇచ్చే పట్టికలో అది ఒక వరుస అవుతుంది. బుట్టలో వేస్తామన్న మాట నిజం కాదు. అలాగని ఎవరి మనసులోనూ పడదు.

అదే వారంలో వంకర అక్షరాలతో చేత్తో రాసిన ఒక ఉత్తరం వచ్చిందనుకోండి. ఫలానా వీధిలో ఉంటాను, రాత్రి షిఫ్టు చేస్తాను, మా అమ్మాయి ఫలానా పరీక్షకి అక్కడే చదువుతోంది, మీరు ఈ ప్రతిపాదనకి వ్యతిరేకంగా ఓటు వేస్తారా లేదా చెప్పండి అని ఉంది. అది పట్టికలోకి ఎక్కదు, నేరుగా సారు బల్ల మీదకి వెళుతుంది. ఎందుకంటే దానికి జవాబు రాయాలి. జవాబు రాయాలంటే ఆయన ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. ఆయన్ని నిర్ణయించుకునేలా చేసిందే ఉత్తరం.

ఇంకొకటి. చిరునామా లేని ఉత్తరాన్ని మేం పట్టించుకునేవాళ్ళం కాదు. వార్డులో ఉండే మనిషా కాదా అన్నదే మొదటి ప్రశ్న. పక్క వార్డు నుంచి వంద వచ్చినా సొంత వార్డు నుంచి వచ్చిన ఐదుకి సాటిరావు. ఇందులో దాపరికం ఏముంది, ఓటు ఎక్కడుందో చూపు అక్కడే ఉంటుంది.

అసలు మీరు చెప్పని సంగతి ఒకటుంది. ఆ ప్రతిపాదన ఇప్పుడు ఏ దశలో ఉంది? కమిటీలో ఉందా, కౌన్సిల్ ఎజెండాలోకి వచ్చిందా, బడ్జెట్‌లో భాగమా? అది తెలియకుండా పంపిన ఉత్తరం బస్సు వెళ్ళిపోయాక స్టాపులో చెయ్యి ఊపడమే.

లెక్కలపిచ్చి (సోమవారం, మధ్యాహ్నం 1:15)

గుమాస్తాగారు అనుభవంతో చెప్పినదానికి పరిశోధనలూ కొంత తోడున్నాయి. నాకెందుకులే గారికి ఇవి రుచించవేమో, అయినా చెబుతాను.

2006లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, పనిచేసే చోట్ల పొగతాగడాన్ని నిషేధించే బిల్లు మీద ఒక ప్రయోగం జరిగింది. కొందరు శాసనసభ్యులకి మాత్రం నియోజకవర్గ ప్రజల నుంచి ఈమెయిళ్ళు వెళ్ళేలా చూశారు, మిగతావాళ్ళకి వెళ్ళలేదు. ఎవరికి వెళ్ళాలన్నది చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఈమెయిళ్ళు అందుకున్నవాళ్ళు బిల్లు వైపు ఎక్కువ మొగ్గారు. డేనియల్ బెర్గన్ చేసిన పని ఇది. తర్వాత మిషిగన్‌లో బడిపిల్లల వేధింపుల నిరోధక బిల్లు మీద ఫోన్లతో ఇలాంటిదే చేశారు. ఫోన్లు అందుకున్న సభ్యులు బిల్లుకి అనుకూలంగా ఓటు వేసే అవకాశం సుమారు 12 శాతం పాయింట్లు పెరిగింది.

నాకు వీటికన్నా బాగా నచ్చింది 2008 నాటి న్యూ మెక్సికో ప్రయోగం. ఒక ఖర్చు ప్రతిపాదన మీద ఓటర్లని సర్వే చేసి, "మీ నియోజకవర్గంలో ఇంతమంది ఇలా అనుకుంటున్నారు" అని కొందరు సభ్యులకి మాత్రం ఉత్తరం రాశారు. బతిమాలింది లేదు, బెదిరించింది లేదు, సమాచారం ఇచ్చారంతే. ఆ ఉత్తరం అందినవాళ్ళు తమ ఓటర్ల మాటకి దగ్గరగా ఓటు వేశారు. ప్రతినిధికి మనమంటే లెక్కలేదని ఊరికే అనుకుంటాం. చాలాసార్లు ఆయనకి మనం ఏమనుకుంటున్నామో తెలియదు. చుట్టూ తిరిగే పదిమంది మాటే వార్డు మాట అనుకుంటాడు.

నాకెందుకులే (సోమవారం, మధ్యాహ్నం 1:32)

అమెరికా శాసనసభ్యులకి ఈమెయిల్ పంపితే పనైందని మన చర్చలో చెబితే ఏం లాభం మాస్టారూ.

లెక్కలపిచ్చి (సోమవారం, మధ్యాహ్నం 1:50)

న్యాయమైన అభ్యంతరమే. ప్రతిచోటా అదే అంకె వస్తుందని నేననను. కానీ "ఉత్తరం వల్ల ఎక్కడా ఏమీ కాదు" అన్నది మీ మాట. దాన్ని తప్పనడానికి ఒక్కచోట అయినా చాలు.

సిగ్గరి (సోమవారం, రాత్రి 8:20)

కొంచెం పక్కకి వెళుతున్నందుకు క్షమించండి. మా జట్టులో ఫోన్లు చేసే పని నాకు అప్పగించారు. నంబరు నొక్కి మోగకముందే పెట్టేస్తున్నాను. అవతల ఎవరో గట్టిగా "ఎవరు? ఏం కావాలి?" అంటే నోరు పెగలదు. ఉత్తరాలైతే ఎన్నైనా రాస్తాను. ఫోన్ తప్పదా?

తలుపుతట్టు (సోమవారం, రాత్రి 9:10)

సిగ్గరీ, నాకూ మొదట్లో అంతే. ఇంటింటి ప్రచారంలో మొదటి తలుపు దగ్గర ఎవరూ లేకపోతే బాగుండునని దణ్ణం పెట్టుకున్నదాన్ని.

ఒక చిట్కా చెబుతాను. ఆఫీసు వేళలు అయిపోయాక చేయి. ఎవరూ ఎత్తరు, రికార్డింగ్ మొదలవుతుంది, చెప్పాల్సింది చెప్పి పెట్టేయి. చాలా ఆఫీసుల్లో పొద్దున్నే ఆ మెసేజీలు విని రాసుకుంటారు. రెండు మూడు సార్లు అలా చేశాక గొంతు అలవాటవుతుంది, అప్పుడు పగలు చేయొచ్చు. కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పెట్టుకో: పేరు, వీధి, ఏ విషయం, ఏం చేయమంటున్నావు. ముప్ఫై సెకన్లు చాలు. ఎత్తినవాళ్ళతో వాదన పెట్టుకోకు. వాళ్ళు ఉద్యోగులు, నిర్ణయం వాళ్ళది కాదు. చివర్లో "మీ పేరు చెబుతారా, మళ్ళీ చేసినప్పుడు మిమ్మల్నే అడుగుతాను" అను. అలా అడిగితే విషయం ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళే చెబుతారు.

మాజీగుమాస్తా (సోమవారం, రాత్రి 9:45)

ఆ చివరి ముక్క నూటికి నూరుపాళ్ళు నిజం. మా మీద అరిచిన పెద్దమనిషి ఫోను అంటే ఆఫీసులో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మర్యాదగా పేరు పెట్టి పలకరించిన ఒక టీచరమ్మకి మాత్రం ఎజెండా ఖరారైన రోజే కబురు వెళ్ళేది. నేనే చెప్పేవాణ్ణి.

చరిత్రపుటలు (మంగళవారం, ఉదయం 7:30)

ఉత్తరాల శక్తి గురించి మాట్లాడుతూ టెనెసీ కథ చెప్పుకోకపోతే ఎలా?

1920 ఆగస్టు 18. అమెరికాలో ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణకి ఇంకొక్క రాష్ట్రం ఆమోదం కావాలి. టెనెసీ శాసనసభలో ఓట్లు సరిసమానంగా చీలి ఉన్నాయి. హ్యారీ బర్న్ అనే 24 ఏళ్ళ సభ్యుడు కోటుకి ఎర్ర గులాబీ పెట్టుకుని వచ్చాడు. ఎర్ర గులాబీ అంటే వ్యతిరేకుల గుర్తు. అతని జేబులో మాత్రం వాళ్ళమ్మ ఫెబ్ బర్న్ రాసిన ఉత్తరం ఉంది. ఇంటి సంగతులన్నీ రాసి, మధ్యలో ఈ సవరణకి ఓటు వెయ్యమని కొడుక్కి చెప్పింది. అతను వేశాడు. 49-47తో నెగ్గింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అమ్మే అడిగింది.

ఇంకొకటి గ్రెగరీ వాట్సన్‌ది. 1982లో టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థి. చట్టసభ సభ్యులు తమ జీతం తాము పెంచుకున్నా, మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అది అమల్లోకి రావాలన్న సవరణ 1789 నుంచి పెండింగ్‌లో ఉంది. దాన్ని ఇప్పటికీ ఆమోదించవచ్చని క్లాసులో వ్యాసం రాస్తే "సి" గ్రేడు వచ్చింది. మనవాడికి రోషం వచ్చి రాష్ట్రాల చట్టసభ్యులకి వరసగా ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఎక్కువమంది పట్టించుకోలేదు. 1983లో మెయిన్ రాష్ట్రం ఆమోదించింది, మరుసటి ఏడు కొలరాడో, అలా ఒక్కొక్కటే. 1992లో అది రాజ్యాంగంలో 27వ సవరణ అయింది. పదేళ్ళు! 2017లో విశ్వవిద్యాలయం అతని గ్రేడుని "ఎ"కి మార్చింది. ఆ రోజు అతని మొహం చూడాలనిపిస్తుంది నాకు.

నాకెందుకులే (మంగళవారం, ఉదయం 8:02)

గెలిచిన కథలే చరిత్రలో మిగులుతాయి కాబట్టి అవే చెబుతారు. బ్రిటన్‌లో కార్మికులకి ఓటు హక్కు కావాలని పోరాడిన చార్టిస్టుల సంగతి చెప్పండి. 1842లో బ్రిటన్ పార్లమెంటుకి 33 లక్షల సంతకాలు మోసుకెళ్ళారు. 33 లక్షలు! పార్లమెంటు తోసిపుచ్చింది. వీధిదీపం గారి మూడు వందలు ఏ మూలకి?

చరిత్రపుటలు (మంగళవారం, ఉదయం 8:40)

భేషైన ఉదాహరణ తెచ్చారు. దాన్ని పూర్తిగా చెప్పుకుందాం. 1848లో వాళ్ళు మూడోసారి వెళ్ళారు. 57 లక్షల సంతకాలన్నారు. పార్లమెంటు గుమాస్తాలు కూర్చుని లెక్కపెడితే 20 లక్షల లోపే తేలాయి. పైగా అందులో విక్టోరియా రాణి సంతకం ఉంది, వెల్లింగ్టన్ డ్యూక్ సంతకం ఉంది, హాస్యపత్రిక పాత్ర మిస్టర్ పంచ్ సంతకం కూడా ఉంది. నిజంగా సంతకం చేసిన లక్షలాది కార్మికుల మాట ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. సంతకాలు సేకరించే ప్రతివాడూ గోడకి రాసి పెట్టుకోవాల్సిన సంగతి ఇది. ఒక్క దొంగ పేరు దొరికితే అవతలివాళ్ళు దాని గురించే మాట్లాడతారు.

కానీ అక్కడితో అయిపోలేదు. వాళ్ళ ఆరు కోరికల్లో రహస్య ఓటు 1872లో వచ్చింది. సభ్యులకి జీతం 1911లో వచ్చింది. ఏటా పార్లమెంటు ఎన్నికలు అన్న ఒక్కటి తప్ప మిగతా ఐదూ క్రమంగా చట్టాలయ్యాయి.

నాకెందుకులే (మంగళవారం, ఉదయం 8:47)

1848లో అడిగితే 1911లో. గ్రంథాలయం బల్లలు కూడా అప్పటికి ఉండవు.

వీధిదీపం (మంగళవారం, రాత్రి 10:15)

నాకెందుకులే గారూ, మీరు తిట్టినా నవ్వొస్తోంది.

గుమాస్తాగారు అడిగిన ప్రశ్నకి జవాబు ఇవాళ దొరికింది. ఫోన్ చేసి "నిర్ణయం ఏమైంది" అని కాకుండా, "ఈ ప్రతిపాదన ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది" అని అడిగాను. రెండు నిమిషాల్లో చెప్పేశారు! కమిటీ దగ్గర ఉంది. పన్నెండు రోజుల్లో సమావేశం. ఏడుగురు సభ్యులు. మేం ఉత్తరాలిచ్చిన మా కౌన్సిలర్ ఆ కమిటీలోనే లేరు. నెల రోజులు వేరే తలుపు తట్టాం.

కమిటీ సభ్యులకి పంపడానికి కొత్త ఉత్తరం రాశాను, చూసి చెప్పండి:

"అయ్యా, గ్రంథాలయం సమాజానికి జ్ఞానజ్యోతి. నేటి యువతే రేపటి పౌరులు. అలాంటి గ్రంథాలయ వేళలను కుదించడం తీవ్ర ఆవేదన కలిగిస్తున్నది. అలాగే వీధి దీపాలు, చెత్త సేకరణ, మురుగు కాలువల సమస్యలపై కూడా తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాము."

మాజీగుమాస్తా (బుధవారం, ఉదయం 6:30)

కోప్పడకండి. జ్ఞానజ్యోతి దగ్గరే నేను పక్కన పెట్టేసేవాణ్ణి. రెండో వాక్యం ప్రతి ఉత్తరంలోనూ చదివి చదివి కంఠతా వచ్చేసింది. ఇక చివర్లో కాలువలు, చెత్త కలిపారు చూశారా, దానితో ఉత్తరం మూడు శాఖలకి పోతుంది. మూడు శాఖలకి పోయిన ఉత్తరానికి ఎవరూ బాధ్యులు కారు.

నేనైతే ఇలా రాస్తాను:

"నేను ఫలానా వీధిలో ఉంటాను. పని ముగించుకుని వారంలో మూడు రోజులు సాయంత్రం ఆరు తర్వాత గ్రంథాలయానికి వెళతాను. గత మంగళవారం ఏడు గంటలకి చదివే గదిలో ఖాళీ కుర్చీ లేదు. ఐదుకి మూసేస్తే నేను ఇక వెళ్ళలేను. కమిటీ సమావేశంలో ఈ ప్రతిపాదనకి మీరు వ్యతిరేకంగా ఓటు వేస్తారా? మీ జవాబు కోసం చూస్తాను."

అంతే. మీ పదకొండు మందీ ఎవరి కథ వాళ్ళే, ఎవరి మాటల్లో వాళ్ళే రాయండి. తప్పులున్నా దిద్దకండి. ఏడుగురు సభ్యుల్లో ఎవరి వార్డులో మీకు తెలిసినవాళ్ళు ఉన్నారో వెతకండి, ఆ వార్డు మనిషి చేతే ఆ సభ్యుడికి రాయించండి. కుర్చీ ఖాళీ లేదన్నది నేను ఊహించి రాసిన ముక్క. మీరు వెళ్ళి నిజంగా లెక్కపెట్టండి. లేకపోతే చార్టిస్టుల గతే.

గాలివాన (బుధవారం, మధ్యాహ్నం 12:20)

ఇంత మెత్తగా ఉంటే ఎవడూ వినడు. ఆ ఏడుగురి పేర్లూ ఫొటోలూ పోస్టరేసి వాళ్ళ ఇళ్ళ ముందు అంటించండి. పోయినసారి ఓటు వెయ్యని జనం పేర్లు కూడా వీధి చివర బోర్డు పెట్టండి. సిగ్గుతో కదులుతారు.

లెక్కలపిచ్చి (బుధవారం, మధ్యాహ్నం 12:55)

సిగ్గు పనిచేస్తుందన్నది నిజమే, అదే దానితో ఉన్న చిక్కు. 2006లో మిషిగన్‌లో లక్షా ఎనభై వేల ఇళ్ళతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఇళ్ళకి "మీరూ మీ ఇరుగుపొరుగువాళ్ళూ పోయినసారి ఓటు వేశారో లేదో ఇదిగో, ఎన్నిక అయ్యాక మళ్ళీ పంపుతాం" అని ఉత్తరం వెళ్ళింది. ఓటింగు 8.1 శాతం పాయింట్లు పెరిగింది. ఓటు వెయ్యడం పౌరుడి బాధ్యత అని మాత్రమే చెప్పిన ఉత్తరానికి 1.8 పెరిగింది. ఉత్తరాలతో అంత పెద్ద ఫలితం రావడం అరుదు. కానీ ఆ తర్వాత ఇలాంటి ఉత్తరాలు ప్రచారానికి వాడినచోట జనం మండిపడ్డారు. ఒక్క ఎన్నికకి వచ్చి వెళ్ళిపోయేవాళ్ళకి ఆ కోపంతో పనిలేదేమో. రేపు అదే వీధిలో అదే తలుపు తట్టాల్సినవాళ్ళకి అది కుదురుతుందా?

మోడరేటర్ (బుధవారం, మధ్యాహ్నం 1:10)

ఇళ్ళ చిరునామాలు, ఇళ్ళ ముందు పోస్టర్లు లాంటి సలహాలు ఇక్కడ వద్దు. ప్రజాప్రతినిధి ఆఫీసు వేరు, ఇల్లు వేరు. ఇళ్ళలో పిల్లలుంటారు. గాలివాన గారూ, ఇది మొదటి హెచ్చరిక.

తలుపుతట్టు (బుధవారం, రాత్రి 9:30)

వీధిదీపం అన్నా, పన్నెండు రోజులంటే తక్కువేం కాదు. సమావేశానికి ప్రజలు వచ్చి మాట్లాడటానికి అనుమతి ఉందో కనుక్కోండి. ఉంటే ముందుగా పేరు నమోదు చేయించుకోవాలా, మనిషికి ఎన్ని నిమిషాలు ఇస్తారు అని కూడా అడగండి. చాలా చోట్ల రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి. మా జట్టులో ఒకాయన ఉపోద్ఘాతం దగ్గరే గంట కొట్టించుకుని వచ్చాడు.

జనాన్ని రప్పించడం అసలు పని. "వస్తారా?" అంటే అందరూ వస్తామనే అంటారు, మొహమాటానికి. నేను అలా వదిలెయ్యను. ఎన్నింటికి బయల్దేరతారు, పని నుంచి నేరుగా వస్తారా ఇంటికెళ్ళి వస్తారా, పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచుతారు అని అడుగుతాను. వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పాక రాకుండా ఉండటం కష్టం.

లెక్కలపిచ్చి (బుధవారం, రాత్రి 9:52)

అక్కా, మీరు చెప్పినదానికీ పరీక్ష జరిగింది. 2008 పెన్సిల్వేనియా ప్రాథమిక ఎన్నికలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) కొందరు ఓటర్లకి ఫోన్ చేసి ఎన్నింటికి వెళతారు, ఎక్కణ్ణుంచి వెళతారు, అంతకుముందు ఏం చేస్తుంటారు అని మూడు ప్రశ్నలు అడిగారు. వాళ్ళలో ఓటింగు సుమారు 4 పాయింట్లు పెరిగింది. ఓటు వెయ్యమని మామూలుగా చెప్పిన ఫోన్లకి అంత ఫలితం రాలేదు.

తలుపు తట్టడం గురించి పేరుపడ్డ ప్రయోగం 1998లో న్యూ హేవెన్‌లో జరిగింది. అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ దాదాపు 30 వేల మంది ఓటర్లతో చేశారు. ముఖాముఖి మాట్లాడినవాళ్ళలో ఓటింగు తొమ్మిది పాయింట్ల దాకా పెరిగింది. పోస్టులో పంపిన కరపత్రానికి అర పాయింటు. డబ్బిచ్చి కాల్ సెంటర్ వాళ్ళతో చేయించిన ఫోన్లకి దాదాపు సున్నా. తర్వాతి ప్రయోగాల్లో వలంటీర్లు తీరిగ్గా మాట్లాడిన ఫోన్లు మాత్రం పనిచేశాయి. సిగ్గరి గారూ, మీరు తడబడుతూ మాట్లాడినా కాల్ సెంటర్ కన్నా నయమే.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఇదంతా మనిషిని కదిలించి పోలింగు దాకా తీసుకురావడం గురించి. మనసు మార్చడం వేరే కథ. 2018లో ఇద్దరు పరిశోధకులు సార్వత్రిక ఎన్నికల ప్రచారం మీద 49 ప్రయోగాలు కలిపి చూస్తే, ఓటరు ఎవరికి వెయ్యాలన్న నిర్ణయం మీద ప్రచారం ప్రభావం సగటున సున్నా అని తేలింది. కాబట్టి అవతలి పక్షం వాళ్ళతో గుమ్మంలో గంటసేపు వాదించకండి. పక్క తలుపుకి వెళ్ళండి.

తలుపుతట్టు (బుధవారం, రాత్రి 10:08)

ఆ సున్నా గురించి నాకు కొంచెం పేచీ ఉంది. వాదిస్తే మారరు, ఒప్పుకుంటాను. కూర్చుని వింటే కొందరు మారతారు, నా కళ్ళతో చూశాను. ఒక పెద్దాయన "చదివేవాళ్ళెవరు ఈ రోజుల్లో" అని విసుక్కున్నాడు. నేను జవాబు చెప్పకుండా, మీరెప్పుడైనా గ్రంథాలయానికి వెళ్ళేవారా అని అడిగాను. ఇరవై నిమిషాలు చెప్పాడు. చివర్లో కాగితం తనే అడిగి సంతకం పెట్టాడు.

లెక్కలపిచ్చి (బుధవారం, రాత్రి 10:20)

దానికీ ఆధారం ఉంది, ఒప్పుకుంటున్నాను. మయామీలో అలా పది నిమిషాల సంభాషణలతో లింగమార్పిడి వ్యక్తుల పట్ల వివక్ష తగ్గిందనీ, మూడు నెలల తర్వాత కూడా ఆ మార్పు నిలిచిందనీ 2016లో ప్రచురించారు. ఎన్నికల గుమ్మంలో ముప్ఫై సెకన్ల మాటకీ దానికీ చాలా తేడా ఉంది.

వీధిదీపం (పదహారు రోజుల తర్వాత, రాత్రి 11:05)

మొన్న సమావేశం అయింది. ఉన్నదున్నట్టు చెబుతాను.

మూడు సాయంత్రాలు కూర్చుని ఆరు నుంచి ఎనిమిది దాకా ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టాం. సోమవారం బాగా పలుచగా ఉంది. దాన్ని దాచేద్దామని మావాళ్ళలో ఒకరన్నారు. చార్టిస్టుల కథ చెప్పి ఆపాను. మూడు రోజుల అంకెలూ ఒకే పేజీలో పెట్టి ఏడుగురికీ ఇచ్చాం. ఉత్తరాలు ఈసారి నలభై ఒకటే వెళ్ళాయి, అన్నీ చేత్తో రాసినవి. ఆరు ఉత్తరాలకి జవాబు వచ్చింది. రెండు ముద్రించిన కాగితాలు, మిగతావి మామూలు జవాబులే. ఒక సభ్యురాలు మాత్రం నేరుగా ఫోన్ చేసి, "సోమవారం తక్కువమంది వస్తున్నారని మీరే రాశారు, అందుకే మిగతా అంకెలు నమ్ముతున్నాను" అన్నారు.

సమావేశానికి ఇరవై మూడు మంది వచ్చారు. నలుగురం మాట్లాడాం. మేం గెలిచామా అంటే, పూర్తిగా కాదు. ప్రతిపాదనని ఆరు నెలలు వాయిదా వేశారు. ఈలోగా వారంలో నాలుగు రోజులు ఎనిమిది దాకా, మిగతా రోజులు ఐదు దాకా. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తారట.

నాకెందుకులే (పదిహేడో రోజు, ఉదయం 7:15)

వాయిదా అంటే మీరు మర్చిపోయేదాకా ఆగడం.

చరిత్రపుటలు (పదిహేడో రోజు, ఉదయం 9:00)

"ప్రయోగాత్మకంగా కొన్నాళ్ళు" అన్న మాట మన పక్షాన కూడా పనిచేస్తుంది. న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కు మధ్య నుంచి పెద్ద రోడ్డు వెయ్యాలన్న పథకం మీద షర్లీ హేస్ అనే ఆమె 1952లో పోరాటం మొదలుపెట్టింది. నగరాల గురించి రాసే జేన్ జేకబ్స్ తర్వాత చేరింది. ఉత్తరాలు, సంతకాలు, పిల్లలతో సహా వీధుల్లో నిలబడటం. 1958లో వాళ్ళకి దొరికింది కూడా తాత్కాలిక అనుమతే, పార్కులోకి కార్లు రాకుండా కొన్నాళ్ళు మూసి చూద్దాం అని. చుట్టుపక్కల ట్రాఫిక్ స్తంభించిపోతుందని భయపెట్టారు. అలాంటిదేమీ జరగలేదు. పార్కు శాశ్వతంగా మనుషులదే అయింది.

రాజస్థాన్‌లో కూలీల, రైతుల సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళనీ తలుచుకోవాలి. 1994 నుంచి జన్ సున్వాయీలు (బహిరంగ విచారణలు) పెట్టి పనుల లెక్కలు, బిల్లులు ఊరి జనం ముందు గట్టిగా చదివారు. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. వాళ్ళ చేతిలో ఆయుధం కాగితమే. మీ హాజరు లెక్క లాంటిదే.

వీధిదీపం (పంతొమ్మిదో రోజు, రాత్రి 9:20)

ఇప్పుడు కొత్త టెన్షన్. వచ్చే ఏడాది ఎన్నికలున్నాయి కదా. కమిటీలో మా వైపు మాట్లాడిన ఒక సభ్యుడు కబురు పంపాడు. తన ప్రచారానికి మా జట్టు ఇంటింటికీ తిరిగితే గ్రంథాలయం సంగతి తను చూసుకుంటానన్నాడు. కరపత్రం మీద తన ఫొటో ఉండాలట. జట్టులో గొడవ మొదలైంది. సహాయం చేసినవాడికి చేయమంటే ఎలా అని కొందరు, వెళితే మనమూ పార్టీ మనుషులం అయిపోతామని కొందరు.

గాలివాన (పంతొమ్మిదో రోజు, రాత్రి 9:41)

వెళ్ళండి. రాజకీయం చెయ్యకుండా రాజకీయ ఫలితం కావాలంటే ఎలా? ఇన్నాళ్ళు తలుపులు తట్టింది దేనికి?

తలుపుతట్టు (పంతొమ్మిదో రోజు, రాత్రి 10:00)

ఈసారి గాలివానతో సగం ఏకీభవిస్తాను. నచ్చిన అభ్యర్థికి పనిచెయ్యడం తప్పు కాదు, నేను చేశాను. కానీ ఎవరికివాళ్ళు విడిగా, సొంత పేరుతో వెళ్ళాలి. జట్టు పేరు తీసుకెళ్ళకూడదు. "గ్రంథాలయం కోసం" అని మీకు సంతకం పెట్టినవాళ్ళలో ఆయనంటే పడనివాళ్ళూ ఉంటారు.

మాజీగుమాస్తా (ఇరవయ్యో రోజు, ఉదయం 6:40)

చట్టం కూడా చూసుకోండి. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల దాతృత్వ సంస్థగా నమోదైన సంఘం అభ్యర్థి తరఫున ప్రచారం చెయ్యకూడదు. ఎన్నికల ఖర్చు, కరపత్రం మీద ముద్రించినవారి పేరు లాంటి నియమాలు వేరే ఉంటాయి. మీ దగ్గర ఏముందో ముందే కనుక్కోండి.

ఆఫీసు లోపలి సంగతి ఇంకొకటి. ఒకసారి మా సారు వెనక నడిచిన సంఘాన్ని ఆ తర్వాత మేం లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళు ఎలాగూ మనవాళ్ళే కదా అనుకునేవాళ్ళం. ఎటు వెళతారో తెలియని సంఘం ఉత్తరం వస్తే మాత్రం ఆ రోజే జవాబు టైపు చేయించేవారు.

వీధిదీపం (ఇరవై ఆరో రోజు, రాత్రి 8:50)

జట్టులో ఓటింగు పెట్టుకున్నాం. 7-4. జట్టు పేరుతో ఎవరికీ ప్రచారం చెయ్యం, విడిగా ఎవరిష్టం వాళ్ళది. నలుగురిలో ఒకరు అలిగి మానేశారు. బాగా పనిచేసే మనిషి, బాధగానే ఉంది.

నిలబడబోతున్నామని చెబుతున్న అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నతో ఉత్తరం పంపాం: గ్రంథాలయం వారమంతా ఎనిమిది దాకా ఉండాలని ఓటు వేస్తారా, లేదా. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ గ్రంథాలయం బయట అంటిస్తామని అందులోనే రాశాం. ఇప్పటికి ఇద్దరు రాశారు. కబురు పంపిన పెద్దమనిషి ఇంకా రాయలేదు.

నాకెందుకులే (ఇరవై ఆరో రోజు, రాత్రి 9:12)

గ్రంథాలయంలో రోజూ హాజరు లెక్క ఎవరు రాస్తున్నారు? ఆరు నెలల తర్వాత అడిగేది అదే. మధ్యలో రెండు వారాలు ఖాళీ ఉందంటే మొత్తం కొట్టిపారేస్తారు, మా పార్కు దగ్గర అదే జరిగింది.

వీధిదీపం (ఇరవై ఆరో రోజు, రాత్రి 9:30)

గురువారానికే మనిషి లేరండీ. అలిగి వెళ్ళినవాళ్ళదే ఆ రోజు. రేపు పొద్దున వాళ్ళింటికి వెళ్ళి అడుగుతాను.